బండ ఎక్కుట ఒక విద్య

దక్కను పీఠభూమిలో పుట్టి పెరిగిన మనకు బండ కొత్త వస్తువు కాదు. ఇంటి పునాదిలో బండ, వాకిట్లో బండ, బావి గట్టున బట్టలుతికే చోట బండ, పంటకాలంలో ధాన్యం ఎండబోసుకొనే చోట పరుపుబండ, గ్రామదేవత వెలసిన గుట్ట మీద బండ, దర్గాకు దారితీసే మెట్ల కింద బండ. ఇంతటి సహవాసం ఉన్నప్పటికీ దానిని ఒక పాఠ్యగ్రంథంగా చూసినవారు మనలో తక్కువ. పైగా బండ అన్న మాటను మొద్దుతనానికి మారుపేరుగా వాడుకుంటున్నాము. బండబుద్ధి అంటాము, మనసు బండబారింది అంటాము. ఆ నింద ఎంత అన్యాయమైనదో బండను చేతులతోను, కాళ్లతోను తడిమి చూచిన వానికి గాని బోధపడదు.

మేము కొందరు మిత్రులం చలికాలంలో వీలైనప్పుడెల్ల శనివారం మధ్యాహ్నం కొంపల్లిలో కలుసుకొని, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు గుట్టలకు పోయి, తాళ్ల సహాయంతో బండలెక్కి, రాత్రి గుడారంలో గడిపి, ఆదివారం సాయంకాలానికి ఇండ్లు చేరుకోవడం కొన్నేండ్లుగా అలవాటు చేసుకొన్నాము. మాలో ఒకరు ఉర్దూ అధ్యాపకులు, ఒకరు రసాయనశాస్త్రం బోధించేవారు, ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు పర్వతారోహణలో శాస్త్రీయంగా శిక్షణ పొందినవారు. ఈ చివరి మిత్రుడు వెంట లేకుండా మేము ఒక్కనాడు కూడా తాడు విప్పలేదని ముందుగానే మనవి చేస్తున్నాము.

చదువుకున్నవారికి ఈ కోతిచేష్టలు ఎందుకని అడిగే పెద్దలు ఉన్నారు. ప్రాణం మీదికి తెచ్చుకొనే సాహసం కాదా అని భయపడే తల్లిదండ్రులు ఉన్నారు. వారి ప్రశ్న న్యాయమైనదే. అందుకు సమాధానంగా ఈ విద్యలోని లోపలి సంగతులను విద్యార్థి మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. బండ ఎక్కుట సాహసవిద్య అని లోకం అనుకొంటున్నది. మా అనుభవంలో అది జాగ్రత్త విద్య. ఒకరి ప్రాణాన్ని మరొకరు అమానతుగా కాపాడే విద్య.

ఈ గుండ్లను ఎవరు పేర్చినారు?

కొంపల్లి నుంచి ఉత్తరంగా సాగే రహదారి మేడ్చల్ మీదుగా నాగపూరు వైపు పోతుంది. దీనికి తూర్పున, సికింద్రాబాదు నుంచి బయలుదేరిన మరొక రహదారి శామీర్‌పేట చెరువు పక్కగా కరీంనగర్ వైపు పోతుంది. ఈ రెండు దారుల నడుమను, వాటికి అటూ ఇటూను, ఇండ్ల వరుసల వెనుక నుంచి గుట్టలు తొంగిచూస్తూ ఉంటాయి. ఒక గుండు మీద ఇంకొక గుండు, దాని మీద మరొక చిన్న గుండు, చేయి తగిలితే దొర్లిపోతుందేమో అన్నట్లు నిలిచి ఉంటుంది. రాక్షసులు పేర్చినారని కొన్ని ఊళ్లలో చెప్పుకొంటారు. చూచినవారికి ఎవరో పేర్చినారనే తోస్తుంది.

శాస్త్రం చెప్పేది వేరు. ఈ గుండ్లు పేర్చినవి కావు, మిగిలినవి. సుమారు 250 కోట్ల సంవత్సరాల కిందట భూగర్భంలో, కిలోమీటర్ల లోతున, కరిగిన శిలాద్రవం మెల్లమెల్లగా చల్లారి గట్టిపడి గ్రానైటు శిల అయినది. నిదానంగా చల్లారినందువల్లనే అందులోని స్ఫటికాలు కంటికి కనిపించేంత పెద్దవిగా పెరిగినవి. గులాబి రంగుగానో, తెల్లగానో కనిపించేది ఫెల్డ్‌స్పార్. గాజు పెంకు వలె మెరిసేది క్వార్ట్జ్. నల్లని చిన్న రేకులు అభ్రకం. పైనున్న నేల కోట్ల సంవత్సరాల కాలంలో వానకు, గాలికి కొట్టుకొని పోగా, మీది బరువు తగ్గిన శిల పైకి ఉబికి, ఉల్లిపొరల వలె పొరలుగా విచ్చుకొన్నది. నిలువునను, అడ్డంగాను నెరియలు పడినవి. నెరియలలోనికి నీరు దిగి ఫెల్డ్‌స్పార్‌ను మెత్తని మట్టిగా మార్చింది. మూలలకు మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది కనుక మూలలు ముందుగా కరిగినవి. నలుచదరపు దిమ్మలు గుండ్రని గుండ్లయినవి. నడుమనున్న మట్టి కొట్టుకొని పోయిన తరువాత ఒకదాని మీద ఒకటి నిలిచిపోయినవి. ఆ రాలిన పొడియే మన ఇండ్ల పునాదులలో పోసే మొరం. మన చెల్క నేలల ఎర్రమట్టి కూడా ఆ శిలల సంతానమే.

ఇక్కడ ఒక పోలిక చెప్పవలసి ఉన్నది. హిమాలయాలు పైకి లేవడం మొదలై 5 కోట్ల సంవత్సరాలకు అటూ ఇటూగా అయినది. మన గుట్టల రాయి వయస్సు దానికి దాదాపు 50 రెట్లు. హిమాలయాల ఎత్తు చూచి చేతులు జోడించే మనం, వయస్సులో వాటికి తాతలకు తాతలైన ఈ గుట్టలను కంకర ధరతో లెక్కగడుతున్నాము.

బండను చదువుట

బండ ఎక్కేవాడు ముందు బండను చదువుకోవలెను. ఈ చదువుకు కావలసిన మాటలు మన పల్లెలలో ఎప్పుడో ఉన్నవి. వెడల్పుగా వాలుగా పరచుకొన్నది పరుపుబండ. విడిగా నిలిచినది గుండు. చీలిక నెరియ. రెండు గుండ్ల నడుమ మనిషి దూరేంత ఎడమ ఉంటే సందు. నిటారుగా తెగినది చరియ. వాననీరు నిలిచే గుంట దొన. ఈ ఒక్కొక్కదానికి ఎక్కే పద్ధతి వేరు. పరుపుబండ మీద పాదం పనిచేయవలెను. నెరియలో చేయి పిడికిలి బిగించి ఇరికించవలెను. సందులో వీపు ఒక గోడకు, పాదాలు ఎదుటి గోడకు ఆనించి జరుగుతూ పోవలెను.

అన్నిటికీ వర్తించే సూత్రం ఒకటి ఉన్నది. రెండు చేతులు, రెండు పాదాలు కలిసి నాలుగు ఆధారాలు. ఒకసారి ఒకదానినే కదిలించి, తక్కిన మూడింటిని స్థిరంగా ఉంచవలెను. కొత్తవాడు చేతులతో దేహాన్ని పైకి లాగుకొనజూస్తాడు, పది అడుగులకే ముంజేతులు బిగుసుకొని పోతాయి. నేర్చినవాడు మెట్లెక్కుతున్నట్లు కాళ్లతోనే ఎక్కుతాడు. చేతులు అతనికి తూకం కోసమే.

పరుపుబండ మీద మరొక వింత గమనించవలెను. భయం వేసినప్పుడు మనిషి సహజంగా బండను కౌగిలించుకొంటాడు. ఛాతీ బండకు ఆనగానే పాదాలు బయటికి తన్నుకొని జారిపోతాయి. బండకు ఎడంగా, నడుము నిటారుగా ఉంచి నిలబడినప్పుడు దేహభారం పాదాల మీద పడి, చెప్పు అడుగునున్న రబ్బరు గ్రానైటు గరుకుతనాన్ని పట్టుకొంటుంది. ఇది కేవలం ఘర్షణ సూత్రం. భౌతికశాస్త్రం తరగతిలో వాలుతలం బొమ్మ గీచి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి కూడా బండ మీద ఈ సంగతి మరచిపోతాడు. బుద్ధికి తెలిసినది కాళ్లకు తెలియడానికి కొంత కాలం పట్టును. భయపడి అతుక్కున్నవాడు జారుతాడు, నమ్మి నిలిచినవాడు నిలుస్తాడు. ఈ మాట మేము నీతివాక్యంగా చెప్పడం లేదు, బండ చెప్పిన లెక్కగా చెప్పుచున్నాము.

తాడుకు రెండు కొసలు

ఎత్తు పది, పన్నెండు అడుగులు దాటితే తాడు లేకుండా ఎక్కరాదు. మేము పాటించే పద్ధతి కొత్తవారికి అనువైనది. శిక్షణ పొందిన మిత్రుడు వెనుక దారిన గుట్ట పైకి పోయి, కదలని పెద్ద గుండ్లను ఎంచుకొని, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలకు పట్టీలు కడతాడు. ఒకటి తప్పినా రెండవది నిలుపవలెనని ఈ ఏర్పాటు. ఆ ఆధారాల నుంచి వేలాడే ఉక్కు కొక్కేలలోనుంచి తాడు రెండు పాయలుగా కిందికి దిగుతుంది. ఒక కొస ఎక్కేవాని నడుము పట్టీకి ఎనిమిది అంకె ఆకారపు ముడితో కడతారు. రెండవ పాయ కింద నిలిచినవాని చేతిలో ఉంటుంది. అతని నడుముకు తగిలించిన ఒక చిన్న లోహసాధనంలో తాడు మెలికపడి పోతుంది. పైవాడు ఎక్కే కొలది అతడు సడలిన తాడును లాగుకొంటూ ఉంటాడు. పైవాడు జారితే తాడును కిందికి వంచి పట్టుకొంటాడు. మెలికలోని ఘర్షణ వలన చిన్న దేహం గలవాడు కూడా పెద్ద దేహాన్ని ఆపగలుగుతాడు. దీనిని ప్రపంచమంతటా బిలే అంటారు.

తాడు సంగతి కూడ తెలుసుకోవలెను. పూర్వం కొండలెక్కేవారు జనపనారవంటి నారతో పేనిన తాళ్లు వాడేవారు. పెద్ద కుదుపుకు అవి పుటుక్కున తెగిపోయేవి. 1935లో నైలాను కనుగొన్న తరువాత, రెండవ ప్రపంచయుద్ధ కాలం నుంచి, కొండ తాళ్ల స్వరూపమే మారిపోయినది. ఇప్పటి తాడు సుమారు 10 మిల్లీమీటర్ల మందం గలది. లోపల బలాన్నిచ్చే పోగులు, పైన వాటిని కాపాడే అల్లిక ఉంటాయి. అది రెండు టన్నులకు పైగా బరువు ఓర్చుకొంటుంది. కాని మనిషిని కాపాడేది దాని బలం కంటె దాని సాగుడు. కుదుపును తాను సాగి మింగుతుంది గనుకనే నడుము విరగదు. ఎంత గట్టి తాడైనా ఏమాత్రం సాగనిదైతే పడినవానికి అది శత్రువే.

ఎక్కడానికి ముందు ఒకరి ముడిని మరొకరు చూడవలెను. ఎవరి ముడి వారు చూసుకొంటే చాలదు. మా జట్టులో ఎక్కేవాడు “తయ్యార్?” అని అడుగుతాడు. కిందివాడు “తయారు” అని బదులు చెప్పిన తరువాతనే పాదం బండ మీద పెడతాడు. ఉర్దూ అధ్యాపక మిత్రుడు ఆ మాట తమదని, మేము మాదని, ప్రతిసారి పరిహాసంగా వాదించుకొంటాము. తీర్పు ఇంతవరకు రాలేదు.

అమానత్ అన్న మాట కూడా ఇట్టిదే. ఉర్దూలో అది ఒకరు నమ్మి మన వద్ద ఉంచిన వస్తువు. తెలుగులో అమానతు అని కోర్టులలోను, కచేరీలలోను సొమ్ము దాఖలు చేసే సందర్భంలో పాతుకొని పోయినది. ఆ సొమ్ము మన చేతిలో ఉంటుంది కాని మనది కాదు. దాని మీద మనకున్నది అధికారం కాదు, బాధ్యత మాత్రమే. తాడు కొస పట్టినవాని స్థితి సరిగా ఇదే. పైన ఉన్నవాని ప్రాణం కొన్ని నిమిషాలు అతని చేతిలో ఉంటుంది. ఆ కొన్ని నిమిషాలు అతడు ఫోను చూడరాదు, వెనుకకు తిరిగి మాట్లాడరాదు, తుమ్ము వచ్చినా తాడు మీది చేయి తీయరాదు. మా బృందంలో అందరికంటె తక్కువ మాట్లాడే బ్యాంకు మిత్రునికి ఈ పని ఎక్కువగా అప్పగిస్తాము. ఎక్కినవానికి చప్పట్లు దక్కుతాయి, పట్టినవానిని ఎవరూ గమనించరు. అయినా బండ మీద సగంలో నిలిచి, మోకాళ్లు వణుకుతున్నప్పుడు, మనం తలచుకొనేది కిందనున్న ఆ మౌనినే.

గీత కార్మికుని మాట

శామీర్‌పేటకు అవతల ఒక గుట్ట కింద మేము తాళ్లు సర్దుకొంటుండగా, పక్కనున్న తాటివనం నుంచి వచ్చిన ఒక వయసు మళ్లిన గీత కార్మికుడు నిలిచి మా సామాను చాలసేపు పరిశీలించినాడు. అతని భుజం మీద మోకు ఉన్నది. నడుముకు ముస్తాదు, అందులో గీత కత్తులు ఉన్నవి. పాదాలకు తగిలించుకొనే గుజి చేతిలో ఉన్నది. మోకును చెట్టు చుట్టూ, తన నడుము చుట్టూ వేసుకొని, గుజితో పాదాలను కలిపి, మోకును పైకి జరుపుతూ ఎక్కడం అతని నిత్యవృత్తి. మా నడుము పట్టీలు, కొక్కేలు, ముడులు అన్నిటి పని అడిగి తెలుసుకొన్నాడు. మేము ఎంతో ఉత్సాహంతో చెప్పినాము. అంతా విని అతడు అన్న మాట ఇది:

“మీకు కింద పట్టుకునేటోడు ఉన్నడు సార్. మాకు ఎక్కేటోడూ మేమే, పట్టుకునేటోడూ మేమే.”

ఆ మాటకు మాలో ఎవరికీ బదులు తోచలేదు. మేము వారాంతపు వినోదంగా చేసేదానిని అతడు రోజుకు అనేక మారులు, పొట్ట కోసం చేస్తాడు. మేము ఎక్కేది 40, 50 అడుగులు. తాటిచెట్టు అంతకంటె పొడవైనది కావచ్చును. తెలుగు నేలలో తాటిచెట్టు మీది నుంచి పడి చనిపోయినవారి, వెన్ను విరిగి మంచాన పడినవారి కుటుంబాలు పల్లెపల్లెన ఉన్నవి. కొండలెక్కేవారికి అందిన నైలాను తాడు, నడుము పట్టీ, వీరికి అందడానికి దశాబ్దాలు పట్టినది. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరిట భద్రతా సామగ్రిని ఇచ్చే పథకం ప్రారంభించినది. కాటమయ్య గీత కార్మికులు కొలిచే దైవం. వినోదం కోసం ఎక్కేవాని విద్య, బతుకు కోసం ఎక్కేవానికి పనికివచ్చినప్పుడే ఆ విద్యకు సార్థకత అని మేము భావిస్తున్నాము.

ఆ పెద్దాయన వద్ద మేము నేర్చుకొన్నది కూడా ఉన్నది. ఎక్కేముందు ఆయన ప్రతిరోజూ మోకును చేతితో మూర మూరకు తడిమి చూస్తాడట. కన్ను కానలేని చోట వేలు కానుతుందన్నాడు. మేము కూడా అప్పటి నుంచి తాడును చూడడంతో సరిపెట్టుకోక, ఈ కొస నుంచి ఆ కొస వరకు వేళ్ల నడుమ జారవిడిచి, మెత్తబడిన చోటు గాని, గట్టి ముద్ద గాని తగులుతుందేమో పరీక్షిస్తున్నాము.

రాత్రి బస

ఎక్కడం ఒక పాఠమైతే బస మరొక పాఠం. మన తెలుగులో దీనికి గుడారం, డేరా అని రెండు మాటలున్నవి. ఉర్దూ మిత్రుడు ఖైమా అంటాడు. గుడారాన్ని నేలకు బిగించే మేకు కూడా పారసీక భాష నుంచి ఉర్దూ మీదుగా మన ఊళ్లకు వచ్చి స్థిరపడినదే. అయితే బండ మీద మేకు దిగదు. అక్కడ తాళ్లను బరువైన రాళ్లకు కట్టవలెను.

చోటు ఎంచుకోవడంలో మూడు సంగతులు చూడవలెను. వాగు ఎండి ఉన్నా దాని కడుపులో బస చేయరాదు. ఎక్కడో ఎగువన వాన పడితే రాత్రికి రాత్రి నీరు దిగవచ్చును. వాలి నిలిచిన గుండు కింద పడుకోరాదు. గుట్ట కొనకొమ్మున కూడ ఉండరాదు, మెరుపులు మెరిసే కాలంలో పిడుగుకు మొదట అందేది అదే. గుట్ట నడుమ, గాలికి చాటుగా, చదునుగా ఉన్న మెట్ట చోటు ఉత్తమం.

నీరు మనిషికి రోజుకు నాలుగు లీటర్లకు తక్కువ కాకుండా మోసుకొని పోవలెను. దొనలోని నీరు పక్షులకు, మేకలకు, వాటిని కాచేవారికి ఆధారం, దానిలో గిన్నెలు కడగరాదు. బండ మీద నేరుగా మంట పెట్టరాదు. వేడికి గ్రానైటు పెచ్చులూడిపోతుంది, మసి మచ్చ ఏండ్ల తరబడి పోదు. చలికాలంలో చుట్టూ ఎండిన గడ్డి ఉంటుంది గనుక ఒక్క నిప్పురవ్వ గుట్టంతటినీ, సీతాఫలం పొదలతో సహా, కాల్చివేయగలదు. మేము చిన్న గ్యాసు పొయ్యి మీద చాయ కాచుకొని, ఇంటి నుంచి తెచ్చుకొన్న జొన్న రొట్టెలు, పల్లీల చట్నీ, ఉడికించిన గుడ్లతో కాలక్షేపం చేస్తాము.

పాముల భయం అందరికీ ఉండేదే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి ఈ ప్రాంతంలో ఉన్నవి. కట్లపాము రాత్రి తిరుగుతుంది. నేల మీద పడుకొన్నవారిని నిద్రలోనే కరుస్తుంది. దాని కాటు నొప్పి పెద్దగా తెలియకపోవడం మరింత ప్రమాదం. గుడారం తలుపు ఎల్లప్పుడు మూసి ఉంచడం, చీకటిలో దీపం లేకుండా అడుగు వేయకపోవడం, బూట్లు దులిపి తొడుక్కోవడం, చూడని సందులో చేయి పెట్టకపోవడం చాలును. ఒకవేళ కాటు పడితే కోయరాదు, పీల్చరాదు, బిగించి కట్టరాదు. కరచిన అవయవం కదలకుండా ఉంచి వెంటనే విషానికి విరుగుడు మందు దొరికే ఆస్పత్రికి చేర్చవలెను. బస చేసే ముందే ఆ ఆస్పత్రి ఎంత దూరమో తెలుసుకొని ఉండవలెను. చరియలకు వేలాడే పెద్ద తేనెతుట్టెలు పాముల కంటె ప్రమాదకరం. తుట్టె కనబడిన చరియను ఆ రోజుకు తేనెటీగలకే విడిచిపెట్టి రావడం వివేకం.

చీకటి పడిన తరువాత దక్షిణాన నగరపు వెలుతురు ఆకాశాన్ని పసుపుపచ్చగా చేస్తుంది. పగలంతా ఎండ తాగిన బండ అర్ధరాత్రి దాకా వీపుకు వెచ్చగా తగులుతుంది. దూరాన గుడ్లగూబ మూలుగు వినిపిస్తుంది. కళాశాల స్టాఫు గదిలో ఏండ్ల తరబడి పక్కపక్కన కూర్చున్నవారి మనసు ఒకరిది ఒకరికి తెలియలేదు గాని, ఇక్కడ ఒక్క రాత్రిలో తెలిసినది. ఒకరు తమ తండ్రి అప్పుల సంగతి చెప్పినారు. ఒకరు చదువు మాన్పించిన చెల్లెలి సంగతి చెప్పినారు. పగలు తాడు పట్టిన చేతిని రాత్రి నమ్మడం కష్టం కాదు.

పెద్ద కొండలకు మొదటి మెట్టు

ఈ చిన్న గుట్టలు ఎవరిని ఎక్కడికి చేర్చగలవో అన్న ప్రశ్నకు భువనగిరి సమాధానం చెప్పినది. హైదరాబాదుకు తూర్పున 50 కిలోమీటర్ల లోపున, ఒకే శిలగా లేచిన ఆ కొండ మీద పశ్చిమ చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరుతో ముడిపడిన కోట ఉన్నది. శత్రువు ఎక్కలేకుండుటకు ఏ బండను ఎన్నుకొన్నారో, ఆ బండ మీదనే నేడు పిల్లలు ఎక్కడం నేర్చుకొంటున్నారు. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులైన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి శిక్షణ పొందినది ఇక్కడనే. అనంతరం డార్జిలింగులో 1954లో స్థాపితమైన హిమాలయ పర్వతారోహణ సంస్థలో నేర్చుకొని, 2014 మే 25న వారిద్దరు ఎవరెస్టు శిఖరం చేరినారు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామంలో వ్యవసాయ కూలీల బిడ్డ అయిన పూర్ణ వయస్సు అప్పటికి 13 సంవత్సరాల 11 నెలలు. అంతకు పూర్వం ఎవరెస్టు ఎక్కిన బాలికలలో అంత చిన్నది లేదు.

మన కళాశాల విద్యార్థినులు ఈ సంగతిని ప్రత్యేకంగా గమనించవలెనని కోరుతున్నాము. అమ్మాయిలకు ఇట్టివి తగవని చెప్పేవారికి పూర్ణ పేరు ఒక్కటి చెబితే చాలును. అయితే తల్లిదండ్రుల అనుమతితో, శిక్షణ పొందిన స్త్రీ ఆచార్యులు వెంట ఉండగా, పగటి పూట శిబిరంతో మొదలుపెట్టడం మంచిది. అనుమతి అడగడం వేరు, అడుగకముందే ఆశ వదలుకోవడం వేరు.

మరొక పేరు కూడా స్మరించవలెను. నెల్లూరు జిల్లా గాంధీజనసంగంలో 1974లో జన్మించిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజులలో అధిరోహించినాడు. 2015లో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా ఎక్కుతూ అక్కడనే కన్నుమూసినాడు. అంతటివానికి కూడ కొండ మినహాయింపు ఇవ్వలేదు. కనుక గొప్పవారిని తలచినప్పుడు వారి తెగువను మాత్రమే గాక, ఆ తెగువకు వారు చెల్లించిన మూల్యాన్ని కూడ తలచవలెను.

తరిగిపోతున్న గుట్టలు

ఇప్పుడు ఈ వ్యాసంలోని కఠినమైన భాగానికి వస్తున్నాము. మేము రెండేండ్ల కిందట ఎక్కిన ఒక చరియ ఇప్పుడు లేదు. దాని స్థానంలో పచ్చని నీరు నిలిచిన లోతైన గుంట ఉన్నది. మిగిలిన సగం గుట్ట మీద తూటాల కోసం తొలచిన రంధ్రాలు వరుసగా కనిపిస్తున్నవి. వడ్డెర వృత్తివారు సమ్మెట, ఉలి, పలుగులతో రాయి కొట్టిన కాలంలో ఒక గుట్ట కొన్ని తరాలకు కూడు పెట్టి కూడ గుట్టగానే మిగిలేది. యంత్రాలు, క్రషర్లు వచ్చిన తరువాత ఒక తరం తిరుగకముందే గుట్ట కంకరగా మారి లారీలెక్కుతున్నది.

మేము ఇండ్లు కట్టవద్దని చెప్పడం లేదు. మేము నివసించే ఇండ్ల కప్పులలో కూడ ఆ కంకరే ఉన్నది. ఏ గుట్టను తీయవచ్చును, ఏ గుట్టను ఉంచవలెనని ఎవరైనా ముందుగా ఆలోచించినారా అని మాత్రమే మా ప్రశ్న. గుట్టల నెరియలలో దిగిన వాననీరే కింది బావులకు ఊట. గుట్ట వాలు నుంచి జారిన నీరే చెరువుకు పోత. గుట్ట పోయిన ఊరిలో వేసవికి ముందే బావి ఎండుతుందని మేకలు కాచేవాడు కూడ చెప్పగలడు.

ఆలోచించినవారు లేకపోలేదు. 1996లో హైదరాబాదులో సొసైటీ టు సేవ్ రాక్స్ అన్న సంస్థ ఏర్పడినది. నగర చరిత్రకారులు, పరిపాలనాధికారిగా పనిచేసిన నరేంద్ర లూథర్ వంటివారు అందులో కృషి చేసినారు. ఇటువంటి కృషి ఫలితంగా నగర పరిసరాలలోని తొమ్మిది శిలాసముదాయాలు వారసత్వ జాబితాలో చేరినవి. కట్టడాలను మాత్రమే వారసత్వమని ఎంచే మన దేశంలో, మనిషి చేయి పడని రాతిని వారసత్వమని ఒప్పించడం సామాన్యమైన పని కాదు.

భక్తి కాపాడిన కొండలు కూడా ఉన్నవి. మౌలాలి కొండ అందుకు దృష్టాంతం. కుతుబ్‌షాహీల కాలం నుంచి, ఇబ్రహీం కుతుబ్‌షా నాటి కథతో ముడిపడి, ఆ కొండ మీద దర్గా ఉన్నందున, దాదాపు ఐదు వందల మెట్లెక్కి పోయే భక్తులు మతభేదం లేకుండా నాలుగు శతాబ్దాలుగా ఉన్నందున, చుట్టూ నగరం పెరిగినా కొండ నిలిచినది. దేవుని పేరు లేని గుట్టలకు మాత్రం దిక్కు లేదు. మనిషి పేరైనా వాటికి తోడు కావలెను. బండలెక్కే యువకులు ఆ పని చేయగలరు. తాము ఎక్కే గుట్ట పేరు, హద్దులు, అక్కడి చెట్లు, పక్షులు, దొనలు ఒక పుస్తకంలో వ్రాసి, బొమ్మలు తీసి పెట్టుకొంటే, రేపు ఎవరైనా అక్కడ ఏమి ఉండెనని అడిగినప్పుడు చూపడానికి ఆధారం ఉంటుంది.

మన విద్యార్థులకు మా సూచనలు కొద్దివే. శిక్షణ లేనిదే తాడు పట్టకండి. ఒంటరిగా పోకండి. ఎక్కడికి పోతున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి పోండి. భూమి ఎవరిదో తెలుసుకొని అడిగి అడుగు పెట్టండి. గుట్ట మీద గుడి ఉన్నా, దర్గా ఉన్నా చెప్పులు విడిచే చోట విడవండి, దాని గోడకు తాడు కట్టకండి. బండ మీద పేర్లు చెక్కకండి. మోసుకొని పోయినదంతా తిరిగి మోసుకొని రండి. మొదటిసారి కేవలం తాడు పట్టడమే నేర్చుకోండి, ఎక్కడం రెండవసారికి ఉంచుకోండి.

కొండలెక్కే తాడును, ఎంత భద్రంగా దాచినా, పదేండ్లు దాటిన తరువాత వాడరాదని తయారు చేసేవారే చెబుతారు. దానిని తీసివేసి అంగడిలో మరొకటి కొనుక్కోవచ్చును. బండ సంగతి అట్లు కాదు. అది 250 కోట్ల సంవత్సరాల పాటు ఎన్ని చేతులు మారకుండా మన తరం చేతికి వచ్చినదో లెక్క లేదు. తాడు ఈ కొస మన చేతిలో ఉన్నది. పై కొసకు కట్టుకొని ఎక్కవలసినవారు ఇంకా పుట్టలేదు. వారు “తయ్యార్?” అని అడిగే నాటికి ఈ గుట్టలు ఉండవలెను.